అమ్మకి నడుం పూసలు ఎల్4-ఎల్5 దగ్గర స్క్రూలు వేయాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు అంటున్నారు. చేయించుకున్నవాళ్లు చెప్పండి

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. నా ఉద్యోగం బెంగళూరులో, అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటుంది. వయసు 61. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి జాకెట్లు కుడుతోంది, తొక్కుడు మిషన్ మీదే. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది, మాత్రలు వాడుతోంది.

నడుం నొప్పి ఎప్పటినుంచో ఉంది, దాన్ని ఆవిడ లెక్కచేయదు. ఇప్పటి బాధ వేరు. ఇంటి నుంచి మార్కెట్ దాకా వెళ్లేలోపు పిర్రల నుంచి పిక్కల దాకా లాగేసి, పాదాలు తిమ్మిరెక్కిపోతాయి. దారిలో ఏ అరుగు కనిపిస్తే అక్కడ కూలబడుతుంది. కాసేపు కూర్చుంటే మళ్లీ మామూలే. లేచి నడిస్తే మళ్లీ మొదలు. పొయ్యి దగ్గర నిలబడి రెండు కూరలు చేయలేకపోతోంది. విచిత్రం ఏంటంటే, మిషన్ ముందు కూర్చుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తొక్కినా కాళ్లు ఏమీ అనవు! అమ్మ పుట్టిల్లు కనిగిరి వైపు. అక్కడి నుంచి మావయ్య ఫోన్ చేసి, "మిషన్ తొక్కడానికి లేని నొప్పి నడవడానికి ఎక్కణ్ణించి వస్తుందే, అంతా బద్ధకం" అని ఏడిపిస్తుంటాడు.

ఎమ్మారై తీయించాం. ఎల్4 పూస ఎల్5 మీద ముందుకి జారిందని, గ్రేడ్ 1 (అంటే కొద్దిగానే) అని, అక్కడ నరాల కాలువ బాగా ఇరుకైపోయిందని రిపోర్టు. 'సివియర్' అన్న మాట చూశాక నాకు ఒకటే టెన్షన్. గుంటూరులో చూపించిన సర్జన్, నరాల మీద ఒత్తిడి తీసేసి స్క్రూలు, రాడ్లు వేసి, మధ్యలో కేజ్ పెట్టి ఫ్యూజన్ చేయాలన్నారు, అంటే రెండు పూసల్నీ ఒకటిగా అతికించడం. చీటీ మీద టీఎల్ఐఎఫ్ అని రాశారు. ఇంకో మాట విందామని విజయవాడ తీసుకెళ్తే, "షుగర్ ఉన్న మనిషికి అంత పెద్దది ఎందుకమ్మా, డీకంప్రెషన్ ఒక్కటి చాలు" అన్నారు ఆయన, అంటే స్క్రూలు లేకుండా నరాల మీద ఒత్తిడి తీయడం వరకే. ఇద్దరూ పేరున్నవాళ్లే. ఎవరిని నమ్మాలి?

మావయ్యేమో పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటాడు. పిన్ని, తనకి తెలిసినావిడ ఎవరో వెన్ను ఆపరేషన్ చేయించుకుని మంచం పట్టేసిందని చెప్పి అమ్మని హడలగొట్టింది. అమ్మ అడిగేది మాత్రం ఒక్కటే, "మళ్లీ మిషన్ ఎక్కగలనా?" అని. ఇంట్లో ఎవరికైనా జరిగి ఉంటే దయచేసి వివరంగా రాయండి. నేను సెలవు ఎన్నాళ్లు పెట్టాలో కూడా తెలియడం లేదు.

లెక్కల టీచర్, ఖమ్మం:

అమ్మా, అదే పూసకి అదే ఆపరేషన్ చేయించుకుని నాకు నాలుగేళ్లు కావస్తోంది. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మీ అమ్మగారికి మార్కెట్ దారిలో వచ్చేది నాకు బోర్డు దగ్గర వచ్చేది. పీరియడ్ సగం అయ్యేసరికి కుడి కాలు బరువెక్కి నాది కానట్టు అయిపోయేది. బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకి వంగితే తగ్గేది. నేను అలా వంగి సైన్ తీటా, కాస్ తీటా చెప్తుంటే తొమ్మిదో తరగతి వాళ్లు ఇంటర్వెల్లో నన్ను అచ్చు దించేసేవాళ్లు. ఒకడైతే చాలా బాగా చేసేవాడు, చెప్పుకోవాలి.

ముందు మీ మావయ్యగారి సందేహం తీరుద్దాం. కూర్చుని మిషన్ తొక్కేటప్పుడు నడుం ముందుకి వంగి ఉంటుంది. అప్పుడు నరాల కాలువ కాస్త విప్పారుతుంది. నిటారుగా నిలబడినా, నడిచినా అది ఇంకా ఇరుకవుతుంది. సైకిల్ మీద ఊరంతా తిరిగే మనిషి వీధి చివరి దాకా నడవలేకపోవడం ఈ జబ్బులో మామూలే. ఆవిడది బద్ధకం కాదని ఆ మిషనే సాక్ష్యం చెప్తోంది.

ఇక అసలు విషయం. మీరు ఇంత వివరంగా రాశారు గానీ, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే సంగతి రాయలేదు. తీశారా? ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు. పడుకున్నప్పుడు జారిన పూస కొంత వెనక్కి సర్దుకోవచ్చు. అందుకని నిలబెట్టి, ముందుకి వంగమని ఒకటి, వెనక్కి వాలమని ఒకటి ఎక్స్‌రే తీస్తారు. నావి రెండూ లైటు బోర్డు మీద పక్కపక్కన పెట్టి, డాక్టరు గారు పెన్సిల్‌తో ఎల్4 వెనక అంచు వెంట ఒక గీత, ఎల్5 వెనక అంచు వెంట ఒక గీత గీశారు. వెనక్కి వాలిన దాంట్లో రెండు గీతల మధ్య సందు సన్నగా ఉంది. ముందుకి వంగిన దాంట్లో దానికి రెట్టింపు. నేను ఊరుకుంటానా, ఆయన బల్ల మీది స్కేలు తీసుకుని నేనూ కొలిచాను. ఆయన నవ్వి, "అలా మూడు నాలుగు మిల్లీమీటర్లకి మించి కదులుతుంటే దాన్ని ఊగే పూస అనుకోవాలి. ఒత్తిడి తీయడానికి నేను వెనక ఎముకని కొంత చెక్కేస్తాను. ఊగేదాన్ని అలా ఇంకా వదులు చేసి వదిలేస్తే రేపు ఇంకొంచెం జారితే?" అన్నారు. నాకు ఫ్యూజన్ ఎందుకో అప్పుడు బోధపడింది. పూస కదలకుండా ఉన్నవాళ్లకి ఆయనే డీకంప్రెషన్ ఒక్కటే చేసి పంపిన కేసులూ ఉన్నాయట.

అంచేత 'స్క్రూలు మంచివా చెడ్డవా' అని అడగకండి. ఇద్దరి దగ్గరికీ ఆ ఎక్స్‌రేలు పట్టుకెళ్లి "మా అమ్మ పూస కదులుతోందా, ఎంత?" అని అడగండి. తేడా ఎక్కడుందో అక్కడ తేలుతుంది.

ఏం చేస్తారంటే: ఒక్కో పూసకి రెండు చొప్పున నాలుగు స్క్రూలు, వాటిని కలుపుతూ రెండు రాడ్లు. పాడైన డిస్క్ తీసేసి ఆ చోట చిన్న కేజ్ పెట్టి, చెక్కి తీసిన మన ఎముక ముక్కల్నే అందులో, చుట్టూ నింపుతారు. ఆ ముక్కలు పెరిగి రెండు పూసలూ ఒకటయ్యేదే ఫ్యూజన్. దానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది.

మత్తు దిగాక నేను మొదట చూసుకున్నది కాలు. లాగడం లేదు! నడుం మాత్రం ఎవరో రోకలి పెట్టి దంచిన బాధ. ఆ రెంటినీ కలిపి చూడకూడదు. కాలి బాధ నరానిది, అది చాలామందికి త్వరగానే తగ్గుతుంది. నడుం నొప్పి కోసిన కండరాలది, అది తగ్గడానికి వారాలు కావాలి. పక్కకి తిరగడం నర్సమ్మ నేర్పుతుంది: మోకాళ్లు ముడిచి, భుజం, తుంటి ఒకేసారి కదిలేలా మొత్తంగా పొర్లి, కాళ్లు మంచం దించుతూ చేత్తో నెట్టుకుని లేవాలి. ఆపరేషన్‌కి ముందే ఇంట్లో అమ్మగారి చేత ప్రాక్టీస్ చేయించండి. కోసుకున్నాక నేర్చుకోవడం నరకం. మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు నన్ను. మంచం పట్టడం సంగతి దేవుడెరుగు, పడుకుంటానంటే ఒప్పుకోరు.

ఎవరూ ముందుగా చెప్పని బాధ ఒకటుంది, మలబద్ధకం. నొప్పి మాత్రలతో అది గ్యారంటీ. ముక్కడం కుదరదు, వంగడం కుదరదు. మొదటి రోజు నుంచే దానికి మందు రాయించుకోండి.

ఇల్లు ముందే సర్దండి. వెస్ట్రన్ కమోడ్ లేకపోతే పెట్టించండి, లేదా కమోడ్ కుర్చీ కొనండి. వంటింట్లో కింది అరల్లో ఉన్న కుక్కర్లు, మూకుళ్లు, పప్పుల డబ్బాలు అన్నీ నడుం ఎత్తుకి తెచ్చి పెట్టండి. స్నానానికి స్టూలు అందరూ చెప్తారు. బకెట్ సంగతి ఎవరూ చెప్పరు. నేల మీది బకెట్లోంచి చెంబుతో ముంచుకోవాలంటే వంగాలి. బకెట్‌ని కూడా ఎత్తు పీట మీద పెట్టాలి. మొదటి మూడు నెలలు వంగొద్దు, బరువులెత్తొద్దు, నడుం మెలితిప్పొద్దు అన్నారు. నీళ్ల బిందె అయితే మాటే లేదు. ఆ ఏడాది సంక్రాంతి ముగ్గులు మా అత్తగారే వేశారు, వేసిన ప్రతి ముగ్గుకీ నాకు వినిపించేలా నిట్టూర్చారు.

బడికి మూడు నెలలు దాటాక వెళ్లాను. ఖర్చు హైదరాబాదులో మూడు లక్షల పైచిలుకు అయింది, కొంత రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఇప్పుడు పీరియడ్ మొత్తం నిలబడి చెప్తాను. కుడి బొటనవేలి మీద మొద్దు మాత్రం పోలేదు, ఇక పోదన్నారు. నరం ఎక్కువ కాలం నలిగితే అంతేనట. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలను గానీ, లేవడానికి గోడ కావాలి. ఒక్క చోట ఫ్యూజన్ చేస్తే వంగడం పెద్దగా పోదు, మనం వంగేది ఎక్కువగా తుంటి దగ్గరే.

మీరు కనీసం నెలన్నర ఆవిడ దగ్గర ఉండేలా చూసుకోండి. లేదా ఆవిడనే బెంగళూరు తీసుకెళ్లండి. కానీ తెనాలి నుంచి అంత దూరం కుదుపుల ప్రయాణం మొదటి వారాల్లో వద్దు.

స్టీరింగన్న, కరీంనగర్:

చెల్లెమ్మా, టీచరమ్మ చెప్పింది చదివి అన్నీ అలాగే జరుగుతాయని అనుకోవద్దు. నాదీ ఫ్యూజనే, దాని కింది జాయింట్, ఎల్5-ఎస్1. లారీ నడిపేవాణ్ణి. నాకు పూస వెనక సన్నటి ఎముకలో చీలిక ఉందట, చిన్న వయసులోనే పడి ఉంటుందన్నారు. ఫాస్ట్ బౌలర్లకి ఎక్కువగా వచ్చేది అదేనని డాక్టరు చెప్తే, నేను బంతి కూడా వేయలేదు సారూ అన్నాను.

నాకు కాలి బాధ కన్నా నడుం నొప్పే ఎక్కువ ఉండేది. ఆపరేషన్ అయ్యాక కాలు మంచిగైంది. నడుం సగమే తగ్గింది. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది, స్క్రూలు గట్టిగా ఉన్నాయి, కానీ ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి ఉంది. డాక్టర్ని అడిగితే, "నీకు ఆపరేషన్‌కి ముందే చెప్పాను కదా, కాలికి ఇచ్చిన మాట నడుముకి ఇవ్వలేనని" అన్నాడు. నిజమే, చెప్పాడు. మీ అమ్మది ఎక్కువ కాళ్ల బాధ అంటున్నావు కాబట్టి ఆమెకి నాకన్నా మంచిగానే ఉండాలి. కానీ పాత నడుం నొప్పి కూడా మొత్తం పోతుందని ఆమెకి ఆశ పెట్టకు.

స్క్రూల గురించి నాకు అర్థమైంది చెప్తా. అవి స్లాబ్ కింద సెంట్రింగ్ కర్రల లెక్క. కాంక్రీట్ గట్టిపడేదాకా పట్టుకోవడానికే. ఎముక అతుక్కున్నాక వాటికి పెద్ద పని లేదు, ఇబ్బంది పెట్టకపోతే తీయరు కూడా. ఎముక అతుక్కోకపోతే మాత్రం ఎంత గట్టి స్క్రూ అయినా ఏనాటికో వదులవుతుంది, లేదంటే విరుగుతుంది. అందుకే నా బీడీలు మాన్పించాకే డేట్ ఇచ్చాడు. పొగ తాగేవాళ్లకి ఎముక సరిగా అతకదట. మీ అమ్మకి ఆ బాధ లేదనుకో.

డబ్బుల సంగతి జాగ్రత్త. నేను చేయించుకున్న చోట ముందు ప్యాకేజీ అని ఒక లెక్క చెప్పారు. డిశ్చార్జి రోజు ఇంప్లాంట్లు వేరు, కేజ్ వేరు అని ఇంకో బిల్లు తెచ్చారు. కౌంటర్ దగ్గర మా తమ్ముడు, నేను బెల్టు కట్టుకుని నిలబడి కొట్లాడాం. ప్యాకేజీలో స్క్రూలు, రాడ్లు, కేజ్ ఉన్నాయా లేదా, ఏ కంపెనీవి, ఎన్ని, అన్నీ ముందే కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీ గానీ ఇన్సూరెన్స్ గానీ ఉంటే అప్రూవల్ వచ్చాకే చేరండి. ఇంప్లాంట్ డబ్బాల మీద లాట్ నంబరుతో స్టిక్కర్లు ఉంటాయి, వాటిని కేస్ షీట్‌లో అంటిస్తారు. ఒక జిరాక్స్ మీ దగ్గర పెట్టుకోండి. రేపు ఎప్పుడైనా ఎమ్మారై తీయాలన్నా, ఇంకో డాక్టరుకి చూపించాలన్నా ఏం వేశారో దాంట్లో ఉంటుంది. టైటానియం అయితే ఎమ్మారైకి సాధారణంగా ఇబ్బంది లేదు, ఆ చోట బొమ్మ కొద్దిగా చెదురుతుందంతే.

లారీ అమ్మేశాను. ఇప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ చూస్తున్నా. గంటకోసారి లేచి తిరుగుతా.

ఫిజియో, నల్గొండ:

మేడం, నేను డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టుని. వెన్ను ఆపరేషన్లు అయినవాళ్లని రోజూ చూస్తాను. పై ఇద్దరూ రాయనివి కొన్ని రాస్తాను.

ముందు ప్రమాద సూచనలు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం. వీటిలో ఏది కొత్తగా వచ్చినా సెకండ్ ఒపీనియన్లు, కట్లు అన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అవి లేనంత వరకు మీకు ఆలోచించుకునే టైం ఉంది, కంగారు పడకండి.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారని ఎవరో ఒకరు మోసం చేస్తున్నారనుకోకండి. ప్రపంచంలోనే ఇది తెగని వాదన. 2016లో అచ్చైన అధ్యయనంలో స్వీడన్ వాళ్లు 247 మందిని రెండు గుంపులు చేసి కొందరికి డీకంప్రెషన్ ఒక్కటే, కొందరికి ఫ్యూజన్ కూడా చేసి చూశారు. రెండేళ్ల తర్వాత బాగుపడటంలో తేడా కనిపించలేదు. అదే సమయంలో అచ్చైన అమెరికా అధ్యయనంలో, 66 మందే అనుకోండి, ఫ్యూజన్ చేసినవాళ్లు కొంచెం మెరుగ్గా ఉన్నారు. మళ్లీ ఆపరేషన్ అవసరం పడింది వాళ్లలో 14 శాతానికి, డీకంప్రెషన్ ఒక్కటే చేసినవాళ్లలో 34 శాతానికి. 2021లో నార్వే వాళ్లు, పూస జారినవాళ్లలో కూడా డీకంప్రెషన్ ఒక్కటే చేస్తే ఫ్యూజన్‌కి తీసిపోదన్నారు. గుంటూరు డాక్టరు గారికీ ఆధారం ఉంది, విజయవాడ డాక్టరు గారికీ ఉంది. కాబట్టి టీచర్ గారు చెప్పిన ఎక్స్‌రే ముఖ్యం. మీ అమ్మగారి పూస ఎలా ఉందన్నది ఏ అధ్యయనమూ చెప్పదు.

పదేళ్ల షుగర్ అన్నారు కాబట్టి కాళ్ల రక్తనాళాలు కూడా చూపించండి. అవి పూడుకుపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. తేడా ఏంటంటే, రక్తం అందక వచ్చే నొప్పి ఊరికే ఆగి నిలబడినా తగ్గుతుంది. నరం నలిగి వచ్చేది కూర్చుంటేనో, వంగితేనో తగ్గుతుంది. మీరు రాసింది రెండోదే. అయినా పాదం మీద నాడి ఆడుతోందో లేదో డాక్టరు వేలు పెట్టి చూడటానికి నిమిషం పట్టదు. రెండూ కలిసి ఉన్నవాళ్లని చూశాను.

హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు, ఎంత? ఎక్కువమంది సర్జన్లు 8 లోపుకి తెచ్చాకే చేస్తామంటారు. గాయం చీము పట్టే భయం ఒకటి, ఎముక అతకడం ఇంకోటి. వయసు 61, ఆడవాళ్లు, కాబట్టి ఎముక బలం చూసే డెక్సా స్కాన్ కూడా అడగండి. టీ-స్కోర్ మైనస్ 2.5కి గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టు. గుల్ల ఎముకలో స్క్రూ పట్టు దొరకదు. ముందు ఎముకకి మందు వాడి ఆగడమో, సిమెంటు వేసి స్క్రూ బిగించడమో చేస్తారు. రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే తప్పకుండా చెప్పండి.

ఇంకోటి. పుట్టిల్లు కనిగిరి వైపు అన్నారు. నేను ఉన్నది నల్గొండ, కాబట్టి నా కన్ను దాని మీదే పడింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకి వెన్నులో ఎముకల మధ్య ఉండే లిగమెంట్లు గట్టిపడి ఎముకలా తయారవుతాయి. అది నడుం దగ్గరే కాదు, మెడలోనూ, వీపు మధ్యలోనూ కాలువని నొక్కుతుంది. మన దేశంలో ఈ జబ్బుని 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే, కనిగిరి కూడా అప్పుడు అందులోదే. మా మర్రిగూడ వైపు నుంచి వచ్చేవాళ్లలో నడుం ఎమ్మారై మాత్రమే తీయించుకుని, అసలు ఒత్తిడి పైన ఉన్నవాళ్లు కనిపిస్తుంటారు. మీ అమ్మగారిని ఇవి అడగండి: హుక్కులు, కాజాలు కుట్టేటప్పుడు సూది వేళ్లలోంచి జారుతోందా? ముఖం కడుక్కోవడానికి కళ్లు మూస్తే తూలుతోందా? నడిచేటప్పుడు కాళ్లు బిర్రబిగిసి ఈడుస్తున్నాయా? ఒక్కదానికి అవునన్నా, నడుం ముట్టుకునే ముందు మెడ, వీపు కూడా ఎమ్మారై తీయమని అడగండి.

పుత్తూరు కట్టు గురించి: చెయ్యో కాలో విరిగితే వెళ్లేవాళ్లు వెళ్తుంటారు, నేను వాదించను. కాలువ ఇంత ఇరుకైన నడుముని మాత్రం ఎవరి చేతా లాగించొద్దు, విరిపించొద్దు. మావయ్యగారికి నా మాటగా చెప్పండి.

ఇప్పుడే చేయాల్సింది: నడుం వెనక్కి వంచే వ్యాయామాలు, భుజంగాసనం లాంటివి ఎవరైనా యూట్యూబ్ చూసి చెప్తే ఆపేయండి. సైకిల్ లాంటివి, పడుకుని మోకాళ్లు పొట్ట వైపు లాక్కోవడం, ఓపిక ఉన్నంత నడక, ఇవి చేయొచ్చు. వెన్నులో ఇంజెక్షన్ ఇస్తామంటే, కొన్నాళ్లు ఉపశమనం ఉండొచ్చు గానీ అది స్టెరాయిడ్, షుగర్ పెరుగుతుంది. ఆపరేషన్ దగ్గర్లో ఉంటే ఆ విషయం సర్జన్‌కి తెలియాలి.

తెనాలి అమ్మాయి:

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ ధన్యవాదాలు. అమ్మకి ఫోన్లో అన్నీ చదివి వినిపించాను. టీచర్ గారి అత్తగారి నిట్టూర్పుల దగ్గర ఆగి ఆగి నవ్వింది. చాన్నాళ్లయింది అలా నవ్వి.

సెలవు పెట్టి వచ్చి ఎక్స్‌రేలు తీయించాను. వంగినప్పటికీ వాలినప్పటికీ 5 మిల్లీమీటర్ల తేడా ఉందన్నారు. అవి పట్టుకుని మళ్లీ విజయవాడ వెళ్లాం. ఆయన చాలాసేపు చూసి, "పడుకోబెట్టి తీసిన ఎమ్మారై చూసి చెప్పానమ్మా ఆ రోజు. ఇంత కదులుతుంటే నేనైనా స్క్రూలే వేస్తాను" అన్నారు. ఆయన మాట మార్చారని మావయ్య అంటున్నాడు గానీ, నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది.

హుక్కులు బ్రహ్మాండంగా కుడుతోంది, సూదిలో దారం నాకన్నా ముందు ఎక్కిస్తుంది. కళ్లు మూస్తే తూలడం లేదు. అయినా ఫిజియో గారు చెప్పారు కదా అని అడిగితే, డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాళ్లు, మోచేతులు కొట్టి చూసి, మెడ దాకా ఒకసారి స్క్రీనింగ్ ఎమ్మారై తీయించారు. పైన ఒత్తిడి ఏమీ లేదు. పాదాల్లో నాడి బాగుంది. డెక్సాలో మైనస్ 1.9 వచ్చింది. చిక్కంతా షుగర్ దగ్గరే. హెచ్‌బీఏ1సీ 9.2. ఇన్సులిన్ మొదలుపెట్టారు, 8 లోపు వస్తేనే డేట్ అన్నారు.

అమ్మ అందుకు సంతోషంగానే ఉంది. పెళ్లిళ్ల జాకెట్లు ఒప్పుకుని ఉందిట, అవి ఇచ్చేస్తే గానీ ఆసుపత్రి గడప తొక్కనంటోంది. ఒక్క సందేహం మిగిలింది. ఆపరేషన్ అయ్యాక తొక్కుడు మిషన్‌కి మోటారు పెట్టించాలా? ఎన్నాళ్లకి కూర్చోవచ్చు?

లెక్కల టీచర్, ఖమ్మం:

పెళ్లి జాకెట్లు ఇచ్చేయనివ్వండి. ఆవిడ కాళ్లకి మిషన్ మీద ఇబ్బంది లేదు కదా. ఈలోపు పక్కకి పొర్లి లేవడం మాత్రం రోజూ చేయించండి, ఫోన్లో చూపించమనండి. స్వీట్లు ఎవరింటి నుంచి వస్తున్నాయో కూడా కనుక్కోండి. మా ఇంట్లో నేను తినను తినను అంటూనే చీరల బీరువాలో సున్నుండలు దాచుకున్న మనిషి ఒకరున్నారు, పేరు చెప్పను.

ఫిజియో, నల్గొండ:

నెలన్నర దాకా ఒక్కసారికి ఇరవై నిమిషాలు, అరగంటకి మించి కూర్చోనివ్వకండి. మూడు నెలలకి సర్జన్ ఎక్స్‌రే చూసి సరేనంటే మిషన్ ఎక్కొచ్చు, మొదట గంట, తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ. తొక్కడం కాళ్లకి మంచిదే, మోటారు తప్పనిసరి కాదు. నాకు మిషన్ కన్నా కత్తిరింపు మీదే అనుమానం. గుడ్డ నేల మీద పరిచి, గొంతుకూర్చుని కత్తిరిస్తారు కదా చాలామంది? మీ అమ్మగారిది కూడా అదే అలవాటైతే అది ఇక కుదరదు. మీరు ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి వడ్రంగిని పిలిచి కటింగ్ బల్ల చేయించండి. ఆవిడ నిలబడితే బల్ల పైభాగం మోచేతి కన్నా జానెడు లోపు కిందికి రావాలి. కొలత ఆవిడ చెప్పులేసుకుని నిలబడ్డప్పుడు తీయమనండి, ఇంట్లో చెప్పులు వాడేవారైతే.